నీరు తెచ్చిన కాలువ, నీరు తీసిన కాలువ

పొలం గట్టున నాటిన కంచెగుంజను కొన్నేండ్ల తరువాత పెరికి చూచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. గుంజ పైభాగం గట్టిగానే ఉంటుంది. లోతున దిగిన మొన కూడ చాలవరకు గట్టిగానే ఉంటుంది. కుళ్లేది నేలమట్టం దగ్గర, అంటే తడి, గాలి రెండూ కలిసే చోట. అట్లాగే వేసవిలో చెరువు అడుగంటినప్పుడు పూడిక తీసేవారికి ఒక్కొక్కసారి బురదలో కూరుకొనిపోయిన పాత దుంగ దొరుకుతుంది. అది నల్లబడి ఉంటుంది గాని చివికిపోయి ఉండదు. దానినే బయటకు లాగి గట్టున పడవేస్తే రెండు మూడు వానాకాలాలకు పిండిపిండి అవుతుంది.

కారణం కష్టమైనది కాదు. కొయ్యను, ఆకును కుళ్లబెట్టేవి సూక్ష్మజీవులు, శిలీంధ్రాలు. వానిలో చురుకుగా పనిచేసేవాటికి తడితోపాటు ప్రాణవాయువు కూడ కావలెను. గాలిలో కంటె నిలువ నీటిలో ప్రాణవాయువు సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. కాబట్టి నీట మునిగిన బురదలో ఆ జీవులకు ఊపిరి ఆడదు, కొయ్య నిలుస్తుంది. నీరు తీసివేస్తే గాలి చొరబడుతుంది, కుళ్లు మొదలవుతుంది. కుళ్లడమంటే ఒక విధంగా నెమ్మదిగా కాలిపోవడమే. కొయ్యలోని కర్బనం ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువై గాలిలోనికి పోతుంది.

ఈ చిన్న సూత్రాన్ని మరచిపోయినందువల్ల ఒక దేశంలో పది లక్షల హెక్టార్ల నేల పాడైనది. ఆ నేల పాడైనది వరి పేరిటనే, కాలువల వల్లనే. వరి, కాలువ అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. మనకు అన్నం పెట్టిన పనిముట్టే మరొకచోట నేలను ఎందుకు తగులబెట్టినదో తెలుసుకోవడం మనకు కుతూహలం మాత్రమే కాదు, అవసరం కూడ.

పీట్ అంటే ఏమి?

ఏడాది పొడుగునా నీరు నిలిచే పల్లపు అడవులలో రాలిన ఆకులు, కొమ్మలు, చచ్చిన వేళ్లు పూర్తిగా కుళ్లకముందే వాటిమీద మరికొన్ని పడి పేరుకొంటవి. ఇట్లా వేల ఏండ్లు పేరుకొన్న నల్లని, మెత్తని, స్పంజివంటి పదార్థమే పీట్. ఇది మామూలు మన్ను కాదు. దీనిలో ఇసుక, బంకమన్ను పాలు బహు తక్కువ. దీని బరువులో చాలభాగం నీరే. నీరు ఆరగా మిగిలినదానిలో సుమారు సగం కర్బనం.

బొగ్గు పాఠంలో పీట్, లిగ్నైటు, బిట్యుమినస్, ఆంత్రసైటు అని వరుసగా చదువుకున్నాము. ఆ వరుసలో మొదటి మెట్టు ఇదే. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో కనుగొన్న సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పూర్వపు చిత్తడి అడవుల పీటే. అది మట్టిపొరల క్రింద పడి, నలిగి, వేడెక్కి బొగ్గు అయినది. కాబట్టి నేటి పీట్ నేలను పుట్టబోయే బొగ్గు అనవచ్చును. తేడా ఏమంటే, బొగ్గును మనం త్రవ్వి తీసి కాల్చవలెను. పీట్ నుండి నీరు తీస్తే చాలు, అది ఉన్నచోటనే కాలుతుంది.

ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు సుమారు 3 శాతం మాత్రమే. కాని ప్రపంచపు అడవులలోని చెట్లన్నింటిలో ఉన్న కర్బనం కంటె ఎక్కువ కర్బనం ఈ కొద్దిపాటి నేలలలో దాగి ఉన్నది. చాలభాగం కెనడా, రష్యా వంటి చలిదేశాలలో ఉన్నది. ఉష్ణమండలంలో ఇండొనీషియా, మలేసియా, కాంగో నది పరీవాహక ప్రాంతం, అమెజాన్ పడమటి భాగం ముఖ్యమైనవి.

పీట్ చరిత్ర పుస్తకం కూడ. మన దక్షిణాదిన నీలగిరుల ఎత్తయిన లోయలలో పీట్ ఉన్నది. ఆర్. సుకుమార్, ఆయన సహచరులు దానిని పొరలు పొరలుగా తీసి, అందులోని కర్బనపు రకాలను కొలిచి, సుమారు 20 వేల ఏండ్ల శీతోష్ణస్థితి చరిత్రను 1993లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఏ కాలంలో గడ్డి పెరిగినదో, ఏ కాలంలో చెట్లు పెరిగినవో ఆ పొరలే చెప్పినవి. రాతి శాసనం లేని కాలానికి ఇది శాసనం వంటిది.

పీట్ ఎంత నెమ్మదిగా పెరుగుతుందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. ఉష్ణదేశాలలో ఏటికి సుమారు ఒక మిల్లిమీటరు అని లెక్క వేసుకొందాం. సూర్యాపేట ప్రక్కన ఉన్న పిల్లలమఱ్ఱి గుడుల దగ్గర క్రీ.శ. 1195, 1208 నాటి శాసనాలు ఉన్నవి. 1208 నుండి నేటివరకు పేరుకొన్న పీట్ మందం సుమారు ఎనభై సెంటీమీటర్లు మాత్రమే. మనిషి నడుముదాకా వచ్చే ఆ పొరలో ఎనిమిది వందల ఏండ్లు ఉన్నవన్నమాట.

మన కాలువ

ఆ పిల్లలమఱ్ఱి శాసనాల కాలం చెరువుల కాలం. కాకతీయులు, వారి సామంతులైన రేచెర్ల రెడ్లు గుడితోపాటు చెరువు కట్టించడం పుణ్యకార్యంగా భావించారు. చెరువును సప్తసంతానాలలో ఒకటిగా లెక్కించారు. రామప్ప, పాకాల చెరువులు ఆ 13వ శతాబ్దివే. ఎత్తుపల్లాలు గల ఈ చెల్క నేలలలో వాన నీరు నిలువదు. నిలువని నీటిని కట్ట వేసి ఆపడం, తూము ద్వారా వదలడం, మిగిలినది అలుగు మీదుగా క్రింది చెరువుకు పంపడం – ఇదీ మన పూర్వుల విద్య. చెరువు క్రింద కొద్దిపాటి వరి, మిగిలిన మెట్టలో జొన్న, సజ్జ, ఆముదం. శతాబ్దాలు ఈ ప్రాంతపు సేద్యం ఇట్లా సాగినది.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. అది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్టలను మాగాణి చేసినది. మిర్యాలగూడ చుట్టూ నేడు కనబడే బియ్యపు మిల్లుల వరుస ఆ నీటి ఫలమే.

ఇక్కడ కాలువ ఏమి చేసినది? ఎండిన మట్టినేలకు నీరు తెచ్చినది. ఆ నేల ఇసుక, బంకమన్ను కలిసిన ఖనిజపు నేల. తడిసినా, ఆరినా దాని రాశి ఎక్కడికీ పోదు. నీరు ఎక్కువై చవుడు తేలినచోట మురుగు కాలువ త్రవ్వితే మేలే జరుగుతుంది. ఈ అనుభవం వల్ల కాలువ అంటే మనకు మంచి మాట. కాని ఈ అనుభవాన్ని నేల ఎట్టిదో విచారించక ఎక్కడబడితే అక్కడ వర్తింపజేయరాదు.

ఇంగ్లండులో ఒక ఇనుప స్తంభం

ఈ హెచ్చరిక నూట డెబ్బది ఏండ్లకు పూర్వమే లభించినది. ఇంగ్లండు తూర్పు భాగంలో విట్ల్‌సీ మియర్ అనే పెద్ద సరస్సు, దాని చుట్టూ పీట్ నేల ఉండేవి. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పూర్తవుతున్న రోజులలోనే, 1851లో, ఆ సరస్సును వ్యవసాయం కొరకు ఎండగట్టారు. నేల ఎంత దిగుతుందో చూడవలెనని హోమ్ అనే చోట ఒక ఇనుప స్తంభాన్ని పీట్ క్రిందనున్న గట్టి బంకమన్నులోనికి దింపి, తలను నేలమట్టానికి సమానంగా ఉంచారు.

స్తంభం కదలలేదు. నేల దిగినది. నేడు ఆ స్తంభం తల మనిషి తలకు ఎంతో పైన, సుమారు 4 మీటర్ల ఎత్తున ఉన్నది. నీరు పోయిన పీట్ మొదట అణగిపోయినది, తరువాత గాలి సోకి కుళ్లి కొంత ఆవిరి వలె ఎగిరిపోయినది. మనం చూచే ఆ ఖాళీ స్థలమంతా ఒకప్పుడు నేల.

చలిదేశంలో ఇది ఒక తరం తరువాత ఒక తరం చూచే మార్పు. వేడిదేశంలో సూక్ష్మజీవుల పని ఎన్నో రెట్లు వేగం. సుమాత్రాలో ఎండగట్టిన పీట్ తోటలలో కొలిచినప్పుడు మొదటి అయిదేండ్లలోనే నేల సుమారు 1.4 మీటర్లు దిగినదనీ, తరువాత ఏటికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున దిగుతూనే ఉన్నదనీ 2012లో ప్రకటించిన పరిశోధనలో తేలినది. ఏటికి మిల్లిమీటరు చొప్పున పెరిగినది, ఏటికి యాభై మిల్లిమీటర్ల చొప్పున తరుగుతున్నది.

నీరు తీసిన కాలువ

ఇండొనీషియా కూడ మనవలెనే వరి తినే దేశం. 1980లలో అది బియ్యంలో స్వయంసమృద్ధి సాధించి ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ మెప్పు పొందినది. 1990లలో జనం పెరిగి, జావాలోని పొలాలు ఊళ్లుగా మారి, మరల బియ్యం దిగుమతి చేసుకోవలసి వచ్చినది. అప్పుడు అధ్యక్షుడు సుహార్తో 1995 చివర ఒక ఉత్తర్వు చేశారు. బోర్నియో ద్వీపంలోని మధ్య కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల చిత్తడి నేలను వరి పొలాలుగా మార్చవలెనని దాని సారాంశం. 1996లో పని మొదలైనది. అడవి నరికారు. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు త్రవ్వారు. జావా మొదలైన ద్వీపాల నుండి వేలాది రైతు కుటుంబాలను తెచ్చి అక్కడ దింపారు.

ఉద్దేశం చెడ్డదని అనలేము. మన సాగర్ కాలువ వెనుక ఉన్న ఆకలే దాని వెనుక కూడ ఉన్నది. పొరపాటు నేల విషయంలో జరిగినది.

ఆ నేలలో చాలభాగం పీట్. రెండు నదుల నడుమ పీట్ కుప్పవలె, మధ్య ఉబ్బి అంచులకు వాలుగా ఉంటుంది. స్పంజివంటి ఆ గుబ్బ వాన నీటిని పట్టి నిలుపుతుంది. కాలువలు ఆ గుబ్బల నడుమగా పోయినవి. నీరు తెస్తవనుకొన్న కాలువలు ఉన్న నీటిని నదులలోనికి దింపివేసినవి. పైగా పీట్ మిక్కిలి పులుపు, పైరుకు కావలసిన లవణాలు అందులో బహు తక్కువ. కొన్నిచోట్ల పీట్ క్రింది బంకమన్నులో ఇనుము, గంధకం కలిసిన పైరైటు ఉన్నది. నీట మునిగి ఉన్నంతకాలం అది నిరపాయం. గాలి తగిలితే గంధకికామ్లం పుడుతుంది. అట్టి నీటిలో వరి ఎట్లా పండుతుంది? పది లక్షల హెక్టార్ల పథకం నుండి చెప్పుకోదగిన పంట రాలేదు. సుహార్తో 1998లో పదవి వీడిన తరువాత ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకొన్నది.

వడ్లు రాలేదు గాని నిప్పు వచ్చినది. 1997లో ఎల్‌నినో వల్ల వానలు తప్పినవి. నేల చదును చేయడానికి పెట్టిన మంటలు ఎండిన పీట్‌లోనికి దిగినవి. పీట్ మంట భగ్గుమని లేవదు. పేడ పిడకవలె లోలోపల రాజుకొంటూ, వేళ్ల వెంట ప్రాకుతూ నెలల తరబడి ఉంటుంది. పైన నీళ్లు చల్లితే ఆరదు. ఆ పొగ సముద్రం దాటి సింగపూరును, మలేసియాను కప్పినది. తోటపనులకు వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడ ఆ గాలినే పీల్చినవి.

ఆ నష్టాన్ని కొలిచినవారు సూసన్ పేజ్, జాక్ రైలీ, ఫ్లోరియన్ సీగర్ట్, సువిదో లిమిన్ మొదలైన పరిశోధకులు. మధ్య కాలిమంతాన్‌లో 25 లక్షల హెక్టార్ల ప్రదేశాన్ని ఉపగ్రహ చిత్రాలతో పరిశీలించి, నేలమీద కొలతలు తీసి, 2002లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అందులో సుమారు మూడవ వంతు కాలినది. కాలినదానిలో నూటికి తొంబది పాళ్లకు పైగా పీట్ నేలే. పీట్ సగటున 51 సెంటీమీటర్ల లోతు కాలిపోయినది. మన లెక్క ప్రకారం అది శ్రీకృష్ణదేవరాయల కాలం నుండి పేరుకొన్న పొర. కొద్ది నెలలలో పోయినది. ఇండొనీషియా మొత్తం మీద ఆ యేడు 81 కోట్ల నుండి 257 కోట్ల టన్నుల కర్బనం గాలిలో కలిసి ఉండునని వారి అంచనా. ఆ కాలంలో ప్రపంచమంతటా బొగ్గు, చమురు, సహజవాయువు కాల్చినందువల్ల ఏటా వెలువడిన కర్బనంలో ఇది నూటికి 13 నుండి 40 పాళ్లు.

కొలత వాదన అయినది

అడవిని కాపాడండి అని ఎవరైనా అనవచ్చును. ఎంత నీరు ఉంటే ఎంత కర్బనం నిలుస్తుందో అంకెలతో చెప్పినప్పుడే ప్రభుత్వాలు ఆలకించినవి. ఈ విషయంలో పీట్ చరిత్ర విజ్ఞానశాస్త్రం చదివేవారికి ధైర్యం ఇస్తుంది.

సువిదో లిమిన్ అక్కడి దయాక్ జాతికి చెందినవారు, పాలంకారాయా విశ్వవిద్యాలయంలో శాస్త్రజ్ఞులు. ఆయన కొలతలతో తృప్తిపడలేదు. గ్రామస్థులతో మంటలార్పే దళాలను ఏర్పరచారు. ఆ ప్రక్కనే సెబాంగౌ నది పీట్ అడవిలో 1990ల నుండి సాగిన పరిశోధనలు అక్కడి చెట్లను, ఒరాంగుటాన్లను, నీటిమట్టాన్ని లెక్కించినవి. 2004లో ఆ అడవి జాతీయ వనం అయినది. తరువాత అక్కడి పాత కాలువలకు అడ్డుకట్టలు వేయడం మొదలుపెట్టారు. కొయ్య దిమ్మెలు రెండు వరుసలు పాతి, మధ్య మట్టి సంచులు నింపితే చిన్న కట్ట అవుతుంది. చెరువు కట్ట తెలిసిన మనకు ఇది వింతగాదు.

2015లో మరల ఎల్‌నినో, మరల మంటలు. ఆ యేడు 26 లక్షల హెక్టార్లు కాలినవనీ, ఇండొనీషియాకు కలిగిన నష్టం సుమారు 1,600 కోట్ల డాలర్లనీ ప్రపంచ బ్యాంకు లెక్క కట్టినది. 2016 జనవరిలో ఆ దేశం పీట్ పునరుద్ధరణకు ఒక ప్రత్యేక సంస్థను స్థాపించినది. 20 లక్షల హెక్టార్లను బాగుచేయడం దాని లక్ష్యం. నేలను మరల తడపడం, మరల చెట్లు పెంచడం, అక్కడి జనానికి జీవనోపాధి కల్పించడం – ఈ మూడూ దాని మార్గాలు. తోటలలో కూడ నీటిమట్టం నేలకు 40 సెంటీమీటర్ల కంటె క్రిందికి దిగరాదని నియమం చేశారు.

ఆ నియమానికి ఆధారం కొలతలే. నీటిమట్టాన్ని ప్రతి 10 సెంటీమీటర్లు పైకి తెచ్చినకొద్దీ హెక్టారుకు ఏటికి కనీసం 3 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన మేలు కలుగుతుందని 2021లో 'నేచర్'లో వెలువడిన మరొక పరిశోధన చూపినది. మట్టం నేలకు 30 సెంటీమీటర్ల దరికి వచ్చేవరకు ఈ లెక్క వర్తిస్తుంది.

కాంగోలో కథ మరొక విధంగా నడిచినది. అక్కడి చిత్తడి అడవుల క్రింద ఎంత పీట్ ఉన్నదో ఎవరూ కొలిచి ఉండలేదు. గ్రెటా డార్గీ, సైమన్ లూయిస్, కాంగో శాస్త్రజ్ఞులతో కలిసి నీటిలో నడుస్తూ పీట్ లోతులు తీశారు. 1,45,500 చదరపు కిలోమీటర్ల పీట్ నేల, అందులో సుమారు 3,000 కోట్ల టన్నుల కర్బనం ఉన్నవని 2017లో ప్రకటించారు. మరుసటి ఏడు మార్చిలో రెండు కాంగో దేశాలు, ఇండొనీషియా కలిసి బ్రజావిల్‌లో ఆ నేలలను కాపాడుతామని ప్రకటన చేసినవి. ఇండొనీషియా చేసిన పొరపాటు కాంగోలో జరగకముందే హెచ్చరిక చేరినది.

అయినా పాఠం పూర్తిగా ఒంటబట్టినదని చెప్పలేము. 2020లో ఇండొనీషియా ప్రకటించిన ఆహార క్షేత్రాల పథకం మరల మధ్య కాలిమంతాన్‌కే వచ్చినది, పాత పది లక్షల హెక్టార్ల భూమిలో కొంతభాగాన్ని కలుపుకొన్నది. అడ్డుకట్టలకు కూడ కష్టాలు ఉన్నవి. పాత కాలువలు గ్రామస్థులకు పడవదారులైనవి. వారిని అడగక వేసిన కట్ట నిలువదు. పడవ పోయే దారి వదలి కట్టిన చోట, తడినేలలోనే పెరిగే సాగో, జెలుతుంగ్ చెట్ల వల్ల, చేపల వల్ల ఆదాయం చూపిన చోట కట్ట నిలిచే అవకాశం ఉంటుంది. ఆకలిని లెక్కలోనికి తీసుకొనని పరిరక్షణ ఎక్కువ కాలం నిలువదు.

మరొక మాట స్పష్టంగా చెప్పవలెను. తడిపినంత మాత్రాన పోయిన పీట్ తిరిగి రాదు. కుళ్లు ఆగుతుంది, మంట ఆగుతుంది, అంతే. పోయిన అర మీటరు తిరిగి పెరగడానికి అయిదు వందల ఏండ్లు కావలెను. కాబట్టి బాగుచేయడం కంటె చెడగొట్టకుండుట మొదటి ధర్మం.

మన ఇంటి లెక్క

తెలుగునాట కాలిమంతాన్‌వంటి పీట్ అడవులు లేవు గదా, మనకేమి అని అనవచ్చును. మనకు కొల్లేరు ఉన్నది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఆ సరస్సు పీట్ నేల కాకపోయినా నీటిని పట్టి నిలిపే స్పంజి పని అదీ చేస్తుంది. వరద వస్తే పట్టి ఉంచి ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రంలోనికి వదులుతుంది. చేపల చెరువుల గట్లు దానిని ముక్కలు చేసినవి. 1999లో అది వన్యప్రాణి అభయారణ్యం అయినది. 2002లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపబడినది. 2006లో గట్లు తొలగించే కార్యక్రమం జరిగినది. కాని కొల్లేటి గ్రామాల బ్రతుకుదెరువు ప్రశ్న తీరలేదు. అక్కడ కూడ కాలిమంతాన్ పాఠమే వర్తిస్తుంది. నీటిదారి తెరవవలెను, ఆ దారిన బ్రతికేవారికి దారి చూపవలెను.

రెండవది మన మూకుడులోని నూనె. ప్రపంచంలో పామాయిలును అత్యధికంగా దిగుమతి చేసుకొనే దేశం మనదే. అందులో ఎక్కువ భాగం ఇండొనీషియా, మలేసియాల నుండి వస్తుంది. అక్కడి తోటలలో కొన్ని ఎండగట్టిన పీట్‌మీద ఉన్నవి. సుస్థిర పామాయిలు కొరకు ఏర్పడిన అంతర్జాతీయ కూటమి 2018లో పీట్‌పై క్రొత్త తోటలు వేయరాదని తన సభ్యులకు నియమం పెట్టినది. కొనేవాడు అడిగితేనే అమ్మేవాడు ఆ నియమం పాటిస్తాడు. ఇంత పెద్ద గిరాకి గల మన దేశం ఆ ప్రశ్న అడగడం న్యాయం. మన రాష్ట్రాలలో వేసే పామాయిలు తోటలు పీట్‌మీద లేవు. వాటి లెక్క వేరు, అది భూగర్భజలపు లెక్క. దానిని కూడ ముందుగానే వేసుకొనుట మంచిది.

మూడవది మన పొలం. తడినేల మేలు అన్నాము గదా అని వరిమడిలో ఎప్పుడూ నీరు నిలిపి ఉంచవలెనని అర్థం కాదు. మడిలో ఏటేటా క్రొత్తగా చేరే గడ్డి, వేళ్లు గాలి లేనిచోట చివికి మీథేను వాయువును పుట్టిస్తవి. అది బొగ్గుపులుసు వాయువు కంటె ఎక్కువగా వేడిని పట్టి ఉంచేది. మధ్యమధ్య నీరు ఆరనిచ్చి మరల పెట్టే పద్ధతి వల్ల మీథేను తగ్గుతుంది, నీరు కూడ మిగులుతుంది. వేల ఏండ్ల కర్బనం దాచిన పీట్‌ను తడిగా ఉంచవలెను. ఈ యేటి గడ్డి వేసిన మడిని అప్పుడప్పుడు ఆరనీయవచ్చును. సూత్రం ఒకటే, నేలను బట్టి ఫలం వేరు. కోత తరువాత వరి కొయ్యకాళ్లను తగులబెట్టక నేలలో కలియదున్నడం కూడ ఈ లెక్కలోనిదే. మన చెల్క నేలలలో అసలే కర్బనం తక్కువ.

చివరిది మన చెరువు. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ తెలంగాణలోని 46 వేలకు పైగా చెరువులను లెక్కలోనికి తీసుకొని, పూడిక తీసి పొలాలకు తోలే పాత అలవాటును మరల గుర్తు చేసినది. చెరువు మన్ను పొలానికి ఎందుకు బలమో ఇప్పుడు పాఠకులకు తెలిసియే ఉంటుంది. చెట్టుచేమల నుండి కొట్టుకొనివచ్చి, నీటి అడుగున గాలి సోకక నిలిచిన సారం అది. సూర్యాపేట సద్దుల చెరువైనా, కోదాడ పెద్ద చెరువైనా కట్టమీద నడిచేందుకు బాట, దీపాలు ఉంటే సరిపోదు. చెరువుకు నీరు వచ్చే వాగుదారి మూసుకొనిపోరాదు. శిఖం భూమిలో ఇండ్లు లేవరాదు. ఊరి మురుగు అందులోనికి దిగరాదు. చెరువు పోయిన తరువాత తిరిగి త్రవ్వడం ఎంత కష్టమో కాలిమంతాన్ రైతును అడిగితే చెబుతాడు.

ఈ సూత్రాన్ని బడిపిల్లలు స్వయంగా చూడవచ్చును. ఒకే చెరువు నుండి తెచ్చిన బురదను రెండు గాజుసీసాలలో సమానంగా పోసి, ఒక్కొక్కదానిలో ఒకే తూకం గల ఎండుటాకులను పాతవలెను. ఒకదానిలో బురదమీద జానెడు నీరు ఎప్పుడూ నిలిపి కదలకుండా ఉంచవలెను. రెండవదానిని తడి ఆరకుండా చిలకరిస్తూ, వారానికొకసారి కలియబెట్టి గాలి తగలనీయవలెను. మూడు నాలుగు నెలల తరువాత ఆకులను కడిగి, ఆరబెట్టి తూచవలెను. ఏ సీసాలోని ఆకు ఎక్కువ తరిగినదో త్రాసే చెబుతుంది. ఇరువది రూపాయలు కూడ ఖర్చు కాని ఈ ప్రయోగాన్ని పది లక్షల హెక్టార్ల కాలువలు త్రవ్వేముందు ఒకరు చేసి, దాని ఫలితాన్ని మరొకరు విని ఉంటే, ఒక దేశం అంత మూల్యం చెల్లించవలసి వచ్చేది కాదు.

కాలువ మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్న కాదు. ఆ నేలకు నీరు ఏమి చేస్తున్నదో ముందుగా తెలుసుకొన్నామా లేదా అన్నదే ప్రశ్న.